బయటి విమర్శల రిజిస్టరు

మర్జానియా రాజ్యం పటంలో వేలిగోరంత ఉంటుంది. ఒకపక్క ఇసుక, ఒకపక్క సముద్రం, మధ్యలో ఆఫీసులు. ఆ ఆఫీసుల్లోకెల్లా ఎత్తయినది బయటి విమర్శల శాఖ. అందులో పదకొండేళ్లుగా గుమాస్తాగిరీ వెలగబెడుతున్న మస్తాన్ వలీది రాయచోటి.

అతని పని చెప్పుకోవడానికి తేలిక. ప్రపంచంలో ఏ మూల ఎవరు మర్జానియాను ఒక మాట అన్నా ఆ మాటను రిజిస్టరులోకి ఎక్కించాలి, నంబరు వేయాలి, డైరెక్టరు ఘాలిబ్ గారి బల్ల మీద పెట్టాలి. ఆ తర్వాతి సంగతి చట్టం చూసుకుంటుంది. చట్టం ఏమంటుందంటే, బయటివాళ్లు దేన్ని తప్పుపడితే అది ఆ క్షణం నుంచి జాతీయ సంప్రదాయం. ఏడేళ్లపాటు దాన్ని ఎవరూ ముట్టుకోరాదు. ఎవడో చెబితే మారారన్న మాట ఆ రాజ్యం పడలేదు మరి. అంత పౌరుషం గల రాజ్యం అది.

ఉదాహరణకు రేవు పక్క మురుగు కాలువ ఉంది. దాని కంపు భరించలేక ఇంజనీర్లే కొత్త గొట్టాలు తెప్పించి గుంతలు కూడా తవ్వారు. ఇంతలో ఓడ దిగిన విదేశీ యాత్రికుడొకడు, ఊరు బాగుంది గాని రేవు కంపు కొడుతోందని వాళ్ల ఊరి పత్రికలో రాశాడు. మర్నాటికి గొట్టాలు గోదాముకు వెళ్లిపోయాయి, గుంతలు పూడ్చేశారు. ఇప్పుడక్కడ ‘జాతీయ పరిమళ వారసత్వ స్థలం. ముక్కు మూసుకొనుట నేరం’ అని బోర్డు ఉంది. పెద్దాసుపత్రి గడియారం గంట వెనక నడుస్తుందని మరొకడు వెక్కిరించాడు. ఆ ఆసుపత్రిలో పుట్టిన పిల్లలందరూ ఇప్పటికీ సర్కారు లెక్కలో ఒక గంట ముందే పుడుతున్నారు.

మస్తాన్ వలీ గదికి ఎదురుగా, వరండా అవతల, లోపలి విమర్శల శాఖ కూడా ఉంది. ఒక గది, ఒక బల్ల, అబూ రషాద్ అనే ఒక ముసలి అధికారి. పద్నాలుగేళ్లలో ఆయన బల్ల మీదకు ఒక్క కాగితం రాలేదు. రాజ్యం లోపల ఉండి విమర్శించినవాళ్లు ఆ సాయంత్రానికల్లా ఇంకా లోపలికి వెళ్లిపోయేవారు కనుక, కాగితం రాసే తీరిక ఎవరికీ దొరికేది కాదు. ఆయన పాపం కిటికీలో పుదీనా కుండీలు పెట్టుకుని వాటికి నీళ్లు పోసుకునేవాడు. జీతం మాత్రం నెల నెలా వచ్చేది.

ఆదివారం పొద్దున డాక్టరు సుహైలా ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కి వచ్చింది. ఆమె సర్కారు ఆసుపత్రిలో కంటి వైద్యురాలు, ముప్పైఎనిమిదేళ్ల మర్జానియా మనిషి. కానీ నోరు విప్పితే రాయచోటి. కన్నతల్లి పురిట్లోనే పోతే, ఇంట్లో పనికని రాయచోటి నుంచి వచ్చిన ఖాసింబీ ఎత్తుకుని పెంచింది. ఖాసింబీకి అరబ్బీ రాక పసిబిడ్డతో తెలుగే మాట్లాడింది. పదహారేళ్లు పెంచాక, ఇక పని లేదు పొమ్మని పంపేశారు. ఖాసింబీ ఊరివాడు కనుక మస్తాన్ వలీ సుహైలాకు చిన్నాయన.

“చిన్నాయనా, బేస్తవారం అయిపోతాంది!” అంది సుహైలా. “నలభై ఒకటో నిబంధన తీసేస్తాండారు. శుక్రవారం నేను రాయచోటికి పోతాండా.”

నలభై ఒకటో నిబంధన ప్రకారం ఏ ఆడమనిషి దేశం దాటాలన్నా ఇంటి మగదిక్కు సంతకం పెట్టాలి. సుహైలా మగదిక్కు ఆమె సవతి అన్న. పనిమనిషిని చూడటానికి విమానం ఎక్కడమేమిటి, నలుగురిలో తల ఎత్తుకోవద్దా అని అతను కలం ముట్టడు. అక్కడ రాయచోటిలో ఖాసింబీ మంచం పట్టి మూడు నెలలైంది. పాప ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతోందట.

సుహైలా, ఆమె తోటి ఆడవాళ్లు తొమ్మిదేళ్లుగా ఈ నిబంధన మీద పని చేస్తున్నారు. విమర్శ అనే మాటే వాడలేదు. ప్రతి నెలా పెద్ద ఖాజీ గారి దగ్గరకు వెళ్లి “మాకొక సందేహం” అనేవారు. సందేహం తర్వాత సందేహం అడిగి, ఆయన పుస్తకాలు ఆయన చేతే తిప్పించారు. తొమ్మిదో ఏట ఖాజీ గారు కళ్లజోడు తీసి, “ఈ నిబంధన నా పుస్తకాల్లో ఎక్కడా లేదమ్మా. ఏ గుమాస్తా పెట్టాడో!” అన్నారు. ఆ మాట మీద చట్టాలు చేసే మండలి ఒప్పుకుంది. బేస్తవారం సంతకం.

“ఎవరికీ చెప్పొద్దు బిడ్డా. గాలికి కూడా వినపడనీయొద్దు,” అన్నాడు మస్తాన్ వలీ.

గాలికి వినపడలేదు గాని, చలిదేశంలో ఉన్న విశ్వ మనస్సాక్షి సమితికి వినపడింది. మంగళవారం టపాలో మందపాటి కవరు వచ్చింది. నలభై ఒకటో నిబంధన అనాగరికమని తీర్మానం, కింద పదివేల సంతకాలు. దానితో పాటు సమితి ఆడవాళ్లందరూ కొవ్వొత్తులు పట్టుకుని నిలబడిన ఫోటో. ఆ ఫోటోలో ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క బొమ్మ, అన్నిట్లోనూ ఒకటే మొహం. సుహైలా మొహం! ఆసుపత్రి వార్షికోత్సవం ఫోటోలోంచి కత్తిరించారు. కళ్లద్దాల కింద ఒక కన్నీటి చుక్క కూడా గీశారు.

మస్తాన్ వలీ తలుపు వైపు చూశాడు. కవరును చించేద్దామా అనిపించింది. కానీ టపా మీద అప్పటికే ముద్ర పడింది. రాయచోటిలో తన మీద ఆరుగురు బతుకుతున్నారు. నంబరు వేశాడు.

డైరెక్టరు ఘాలిబ్ గారు ఆ కాగితాన్ని కళ్లకద్దుకున్నారు. “గుమాస్తా మహాశయా! గత త్రైమాసికమున మన శాఖకు విమర్శల కొరత వాటిల్లినది. శాఖను మూసివేయవలెనని కొందరు దుష్టులు సూచించుట కూడ జరిగినది. నేడు మన గౌరవము నిలబడినది. ఏ నిబంధన అంటిరి?”

“నలభై ఒకటి, ఏలినవారూ. అది బేస్తవారం రద్దవుతోంది.”

“రద్దా? పదివేల మంది విదేశీయులు ద్వేషించిన దానిని రద్దు చేయుటయా? ఇది మన పితృపితామహుల నిధి!”

“పెట్టి ఇరవై రెండేళ్లే అయింది ఏలినవారూ.”

“అయిననేమి? నేటి ఉదయము నుండి అది ప్రాచీనము.”

బేస్తవారం మండలిలో సంతకం పడలేదు. బదులుగా సంతకాల వారోత్సవం మొదలైంది. సంతకం పెడుతున్న మగచేతి బొమ్మతో తపాలా బిళ్ల విడుదల చేశారు. బడిపిల్లలకు ‘మా నాన్న సంతకం’ మీద వ్యాసరచన పోటీ పెట్టారు.

ఈ వారోత్సవం జరిపిస్తున్న వారసత్వ సంఘం అక్కడితో ఆగలేదు. ఇంత గొప్ప సంప్రదాయం ఆడవాళ్లకు మాత్రమే పరిమితమైతే మగవాళ్లకు అన్యాయం కదా అని, సంతకం పెట్టే ప్రతి మగవాడి సంతకాన్నీ అతని ఇంటి పెద్ద ధ్రువీకరించాలన్నారు. దాంతో డైరెక్టరు గారికి కూడా ఒక పెద్దదిక్కు వెతకాల్సి వచ్చింది. తొంభైరెండేళ్ల పెదనాన్న దొరికాడు. ఆయనకు జ్ఞాపకం చెదిరి, డైరెక్టరు గారు ఇంకా రెండో తరగతిలో ఉన్నారనుకుంటున్నాడు. ఏ ఫైలు తీసుకెళ్లినా ముందు ఏడో ఎక్కం అప్పజెప్పమనేవాడు. తప్పు పోతే సంతకం లేదు. రెండు వారాల్లో ఆఫీసులో ఫైళ్లు కిటికీ ఎత్తుకు పేరుకున్నాయి. డైరెక్టరు గారు కారులో ఎక్కాలు వల్లె వేసుకుంటూ వెళ్లడం డ్రైవరు స్వయంగా చూశాడు.

సుహైలా సమితికి ఫోను చేసింది. ఎత్తింది కార్యదర్శి లినియా దొరసాని.

“దయచేసి కొన్నాళ్లు మా గురించి మాట్లాడకండి,” అంది సుహైలా. “మేమే తెచ్చుకున్నాం. గుమ్మం దాకా వచ్చింది.”

“నీ గొంతులో భయం నాకు వినిపిస్తోంది, సోదరీ. వాళ్లు నీ చేత ఇలా మాట్లాడిస్తున్నారు.”

“ఎవరూ మాట్లాడించలేదు. నా మాటే చెబుతున్నాను.”

“అలా అనుకునేంతగా నిన్ను అణిచేశారు. నీ బాధ నీకంటే మాకు బాగా తెలుసు. మౌనంగా ఉండటం మా సమితి నియమావళికి విరుద్ధం.” అని ఆమె గొంతు మార్చి శుభవార్త చెప్పింది. వచ్చే నెల ‘బయటి విమర్శతో లోపల సంస్కరణ వస్తుందా?’ అనే అంశం మీద మూడు రోజుల మహాసభ. ముఖ్య వక్త సుహైలాయే. రావాల్సిందేనట.

“రావాలంటే మా అన్న సంతకం కావాలి,” అంది సుహైలా.

“అద్భుతం! అదే మొదటి వాక్యంగా చెప్పు.”

మహాసభ జరిగింది. వేదిక మీద సుహైలా పేరుతో ఖాళీ కుర్చీ వేశారు. ఆ కుర్చీకి సభికులు లేచి నిలబడి ఎనిమిది నిమిషాలు చప్పట్లు కొట్టారు. సంస్కరణ వస్తుందని తొంభై మంది, తప్పక వస్తుందని నూట పది మంది ఓటు వేశారు. కుర్చీ ఫోటో టపాలో వచ్చింది. మస్తాన్ వలీ నంబరు వేశాడు. ఏడేళ్లకు ఇంకో ఏడేళ్లు కలిశాయి.

“పద్నాలుగేళ్లు బిడ్డా,” అన్నాడు తలెత్తకుండా. అతనికి ఏడుపొచ్చింది.

సుహైలా బల్లకు ఎదురుగా కూర్చుంది. “వాళ్లు చెడ్డోళ్లు కాదు చిన్నాయనా. నాలుగేండ్ల కింద మాతో పాటు తిరిగే నజ్వాను జైల్లో ఏసినప్పుడు మేమే అడిగినాం, రాయండని. ఈ శాఖకు కాదు, జైలు సూపరింటెండెంటు ఇంటికి, ఆయప్ప పేరు పెట్టి రాయండని చెప్పినాం. దినానికి ఇన్నూరు జాబులు పడ్న్యాయి. భయపడి ఇడిసిపెట్న్యాడు. ఆ పొద్దు అడిగినాక రాసినారు. ఈ పొద్దు అడక్కుండానే రాసినారు. అంతే తేడా. ఖాసింబమ్మ ఇప్పుడు గంజి కూడా మింగల్యాదంట.”

ఆ మాట విన్నాక మస్తాన్ వలీకి ఆ పూట అన్నం దిగలేదు. బయటివాళ్లు తిడితే నిబంధన గట్టిపడుతోంది. మరి బయటివాళ్లు మెచ్చుకుంటే? తిట్టే సమితి మెచ్చుకోదు, అది వాళ్ల వృత్తి కాదు. మెచ్చుకునే విదేశీయుడు ఎక్కడ దొరుకుతాడని ఆలోచిస్తుంటే రాయచోటిలో ఉన్న బామ్మర్ది దస్తగిరి గుర్తొచ్చాడు. మర్జానియాకు రాయచోటి విదేశమే కదా! దస్తగిరి బస్టాండు ఆటో యూనియన్‌కు అధ్యక్షుడు కూడా. లెటర్‌హెడ్డు ఉంది, రబ్బరు స్టాంపు ఉంది.

“ఏంది బావా, ఆ పనికిమాలిన రూలును మెచ్చుకుంటా రాయాల్నా?” దస్తగిరి ఫోనులో కేకలేశాడు. “మా యూనియన్లో ఇద్దరు ఆడోళ్లు ఆటో తోల్తాండారు. తెలిస్తే నన్ను టైరు కిందేసి తొక్కుతారు.”

“రేయ్, ఖాసింబీ కోసంరా.”

“మా ఈదిలోనే ఉండాది ఆయమ్మ. పొద్దన కూడా చూసొచ్చినా,” అన్నాడు దస్తగిరి. “ఏం రాయాల్నో చెప్పు.”

వారం తర్వాత ఆ ఉత్తరం వచ్చింది. మస్తాన్ వలీ దాన్ని అనువదించి డైరెక్టరు గారి ముందు గంభీరంగా చదివాడు. “మహారాజశ్రీ మర్జానియా ప్రభుత్వం వారికి. మీ నలభై ఒకటో నిబంధన చూసి మా యూనియన్ పులకించింది. ఇది అచ్చంగా మా పెద్దలు పాటించిన పద్ధతి. మా దగ్గర ఎప్పుడో వదిలేశారు గాని, మీరు మా నుంచి నేర్చుకుని ఇంత భక్తిగా కాపాడుతున్నందుకు కృతజ్ఞతలు. మా పద్ధతులు ఇంకా ఏమైనా కావాలంటే పంపగలం.”

ఘాలిబ్ గారి మొహం పాలిపోయింది. “మా నుండి నేర్చుకొని... అని యున్నదా?”

“ఉంది ఏలినవారూ. స్టాంపు కూడా వేశారు.”

“అనగా ఇది విదేశీ ఆచారమా? ఆటో డ్రైవర్ల ఆచారమును మనము తపాలా బిళ్లపై ముద్రించితిమా!” ఆయన లేచి కిటికీ దాకా వెళ్లి, పేరుకున్న ఫైళ్ల మధ్య దారి దొరక్క వెనక్కి వచ్చారు. “పరదేశపు సరుకు మన వారసత్వము కానేరదు. కానిచో ఏడేండ్ల రక్షణ దానికి వర్తింపదు. తక్షణము రద్దు! బిళ్లలన్నియు వెనుకకు తెప్పింపుడు!” ఆ గొంతులో కోపంతో పాటు ఏదో ప్రాణం లేచొచ్చినట్టు కూడా వినిపించింది.

రద్దు ఉత్తర్వు మీద పెదనాన్న ధ్రువీకరణ కావాలి. ఆ రోజు డైరెక్టరు గారు ఏడో ఎక్కం తడుముకోకుండా చెప్పారు. బుధవారం సాయంత్రానికి నలభై ఒకటో నిబంధన లేదు. సుహైలా బేస్తవారం నాలుగు గంటల విమానానికి టికెట్టు తీసుకుంది.

బేస్తవారం పన్నెండుకు టపా వచ్చింది. పైనే విశ్వ మనస్సాక్షి సమితి కవరు. మస్తాన్ వలీ విప్పి చదివాడు. ‘విజయం! విజయం! మా విమర్శ ఫలించింది. మా ఖాళీ కుర్చీ ముందు మర్జానియా తల వంచింది. పత్రికలవారికి విందు ఏర్పాటు చేశాం.’

ఇది డైరెక్టరు గారి కంట పడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బయటివాళ్ల వల్ల వచ్చిన మార్పు అని బయటివాళ్లే రాసిచ్చారు. ఐదు నిమిషాల్లో రద్దు కాస్తా రద్దవుతుంది. విమానాశ్రయానికి ఫోను వెళ్తుంది. సుహైలాను వరుసలోంచి పక్కకు లాగుతారు.

పదకొండేళ్లలో మస్తాన్ వలీ ఒక్క కాగితాన్నీ పది నిమిషాలకు మించి ఆపలేదు. ఆ రోజు ఉత్తరాన్ని మడిచి కుర్చీ దిండు కింద పెట్టి, దాని మీద కూర్చున్నాడు. దొరికితే జైలు, ఆ తర్వాత ఇంటికి. కూతురు నర్సింగు చదువు రెండో ఏట ఉంది. అన్నీ తెలుసు. అయినా లేవలేదు.

మూడున్నరకు డైరెక్టరు గారు స్వయంగా గుమ్మంలోకి వచ్చారు. “నేడు టపా ఏమియు లేదా?”

ఆయన వస్తే లేచి నిలబడటం ఆఫీసు ఆచారం. “మోకాలు పట్టేసింది ఏలినవారూ,” అన్నాడు మస్తాన్ వలీ కూర్చునే. “లేవలేకపోతున్నాను. టపా చూస్తున్నాను.”

“ఉప్పు కాపడము పెట్టుకొనుము. మా పెదనాన్న గారు కూడ అదే చెప్పుదురు,” అని ఆయన జాలిగా చూసి వెళ్లిపోయారు.

నాలుగూ పదికి కిటికీ అద్దాలు గలగలమన్నాయి. విమానం రేవు మీదుగా, జాతీయ పరిమళం మీదుగా సముద్రం వైపు తిరిగింది. అది చుక్కంత అయ్యేదాకా చూసి, మస్తాన్ వలీ దిండు ఎత్తి, ఉత్తరం తీసి, నంబరు వేశాడు. నాలుగున్నరకు నలభై ఒకటో నిబంధన తిరిగి వచ్చి కూర్చుంది. చలిదేశంలో విందు మాత్రం ఆగలేదట.

ఖాసింబీ పాపను గుర్తుపట్టింది. “ఇంత చిక్కిపోతివేమే, ఆసుపత్రోళ్లు అన్నం పెట్టరా?” అని అడిగిందని సుహైలా ఫోనులో నవ్వుతూ ఏడ్చింది. తొమ్మిది రోజులు గంజి తాగించింది. పదో రోజు ఖాసింబీ ఆమె ఒడిలోనే కళ్లు మూసింది.

నెల తర్వాత మస్తాన్ వలీ బల్ల మీదకు రాయచోటి ముద్రతో ఒక కవరు వచ్చింది. ఈసారి దస్తగిరి రాసింది కాదు.

‘నేను కంటి డాక్టరును. మా అమ్మను చివరిసారి చూడగలిగాను. ఆ అదృష్టం నాకు పొరపాటున దక్కింది. నా వార్డులో పనిచేసే పదకొండు మంది ఆడవాళ్లకు ఆ పొరపాటు కూడా దక్కదు. ఈ నిబంధన తప్పు. తొమ్మిదేళ్లు సందేహం అన్నాను. ఇప్పుడు సందేహం లేదు, తప్పు అంటున్నాను. పదిహేనో తారీఖున తిరిగి వస్తున్నాను. ఏం చేసుకుంటారో చేసుకోండి. అది నా ఊరు. — సుహైలా.’

మస్తాన్ వలీ రిజిస్టరు తెరిచి కలం తీశాడు. ‘వచ్చిన చోటు’ అనే గడిలో రాయచోటి అని రాయాలి. రాస్తే ఇది బయటి విమర్శ. పుట్టిన దగ్గర్నుంచి మర్జానియా నీళ్లు తాగి, మర్జానియా కళ్లకు వైద్యం చేసిన మనిషి ఒక్క గడితో పరాయిది అయిపోతుంది. నిబంధనకు ఇంకో ఏడేళ్లు. లినియా దొరసాని సంతోషిస్తుంది, ఘాలిబ్ గారు సంతోషిస్తారు. ఇద్దరి సంతోషమూ ఒక్కటేనని అతనికి అప్పుడు తోచింది. ఒళ్లు మండింది.

కలం మూసి, కాగితం పట్టుకుని వరండా దాటాడు.

అబూ రషాద్ పుదీనాకు నీళ్లు పోస్తున్నాడు. కాగితం చూసి చెంబు పట్టుకునే నిలబడిపోయాడు. “దారి తప్పావా గుమాస్తా? నీ గది అది.”

“దారి తప్పలేదు సాహెబ్. ఇది మీదే.”

“ఎవరు రాశారు?”

“ఇక్కడి మనిషి.”

“ఎక్కడి నుంచి?”

“తల్లిని మట్టి చేసిన చోటి నుంచి. పదిహేనున వస్తోంది. మీరు తీసుకుంటే లోపలిది. నేను తీసుకుంటే బయటిది. మీ ఇష్టం.”

ముసలాయన కాగితాన్ని రెండుసార్లు చదివాడు. “నాకు నలుగురు కూతుళ్లు. ఎన్ని సంతకాలు పెట్టానో నాకే తెలియదు. ఒక్కనాడు ఒక్కతి అడిగింది, ఎందుకు నాన్నా అని. జవాబు చెప్పలేకపోయాను,” అన్నాడు. “ఇది తీసుకుంటే నన్ను ఉంచరు.”

“నన్నూ ఉంచరు సాహెబ్.”

అబూ రషాద్ సొరుగు లాగాడు. పద్నాలుగేళ్ల నాటి సిరామెత్త చెక్కలా ఎండిపోయింది. పుదీనా చెంబులోంచి నాలుగు చుక్కలు దాని మీద పోసి, వేలితో మెదిపి, ముద్ర అద్ది, కాగితం మీద బలంగా నొక్కాడు. ‘లోపలి విమర్శల శాఖ. అందినది’ అని మసగ్గా పడింది.

“నంబరు ఎంత వేయాలి?” అని అడిగాడు మస్తాన్ వలీ.

“ఒకటి.”

ఎదురుగదిలో డైరెక్టరు గారి గంట మోగింది. మళ్లీ మోగింది. మస్తాన్ వలీ వంగి, ఆ తడి ఆరేదాకా కాగితం మీద మెల్లగా ఊదుతూ నిలబడ్డాడు.